వాల్టర్ జాన్సన్

గెలిచినవానిని లోకము వెంటనే గుర్తించును. ఓడినవాని గుణమును గుర్తించుటకు కాలము పట్టును. ఒంటరిగా ఆడు ఆటలో గెలుపోటములు ఆటగాని శక్తిననుసరించి యుండును. పలువురు కలిసి ఆడు ఆటలో అట్లు కాదు. ఒక్కడు ఎంత నేర్పరియైనను తోడివారు బలహీనులైనచో జట్టు ఓడును. ఆ ఓటమిలో అతనికిని పాలుండును. అట్టి స్థితిలో కొందరు తోడివారిని నిందింతురు. కొందరు బలమైన జట్టును వెదకికొని పోవుదురు. మరికొందరు నిరుత్సాహము చెంది తమ పనినే చెడగొట్టుకొందురు. ఒక్కమారు తడబడినను, ఈ మూడు మార్గములలో దేనిని బట్టక, 21 సంవత్సరములు ఒకే జట్టున ఆడిన మేటి వాల్టర్ జాన్సన్. అమెరికా దేశపు బేస్‌బాల్ చరిత్రలో ఆయన పేరు చిరస్థాయిగా నిలిచియున్నది.

బేస్‌బాల్ అమెరికా దేశీయులకు మిక్కిలి ప్రియమైన ఆట. క్రికెట్టు ఎరిగినవారికి దీని తీరు తెలిసికొనుట కష్టము కాదు. ఒక్కొక్క జట్టున తొమ్మండుగురు ఆటగాండ్రు. మైదానమున చతురస్రముగా నాలుగు స్థానములుండును. వానికి బేసులని పేరు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, ఈ బేసులను వరుసగా తాకుచు పరుగెత్తి, బయలుదేరిన చోటికి తిరిగి చేరినచో జట్టునకు ఒక పరుగు లభించును. ముగ్గురు అవుటైనంతనే ఎదుటి జట్టు వంతు వచ్చును. ఇట్లు తొమ్మిది ఇన్నింగ్సులు జరుగును. అప్పటికి పరుగులు సమానముగా నున్నచో, ఒకరు మించునంతవరకు ఆట సాగును. బంతిని విసరువానిని పిచ్చరు అందురు. గెలుపోటముల లెక్కను పిచ్చరు పేరనే వ్రాయుట ఆ ఆటలో ఆచారము. కాని అతడెంత చక్కగా విసరినను, తన జట్టువారు పరుగులు తీయనిచో గెలువజాలడు. ఈ సంగతిని గుర్తుంచుకొన్నచో జాన్సన్ జీవితము చక్కగా బోధపడును.

వాల్టర్ పెర్రీ జాన్సన్ 1887వ సంవత్సరము నవంబరు 6వ తేదీన కాన్సాస్ రాష్ట్రములో హంబోల్టు అను ఊరికి చేరువనున్న పల్లెపట్టున జన్మించెను. తల్లిదండ్రులు సేద్యము చేసికొని బ్రతుకువారు. వాల్టరు బాలుడుగా నున్నపుడే వారు కాన్సాసును విడిచి దూరమందున్న కాలిఫోర్నియాకు తరలిపోయి, ఒలిండా అను చోట స్థిరపడిరి. అచ్చట భూమినుండి నూనె తీయు బావులు విస్తారముగా నుండెను. ఆ బావులలో పనిచేయువారు తీరిక వేళల బేస్‌బాల్ ఆడుచుండిరి. వారి నడుమనే వాల్టరునకు ఈ ఆట అబ్బెను.

అతని చేతులు మిక్కిలి పొడవైనవి. బంతి విసరునపుడు చేతిని ప్రక్కకు చాచి, ఏ ప్రయాసయు లేనట్లు తేలికగా విసరెడివాడు. చూచువారికి అతడు బలమును ఉపయోగించుచున్నట్లే తోచదు. కాని బంతి మాత్రము కన్నుమూసి తెరచునంతలో బ్యాటును దాటిపోయెడిది. ఫుల్లర్టన్ ఉన్నత పాఠశాలలో చదువుచు, 1905లో శాంటా ఆనా పాఠశాల జట్టుతో ఆడిన 15 ఇన్నింగ్సుల ఆటలో 27 మందిని, వారు బంతిని కొట్టజాలకుండునట్లు చేసి అవుట్ చేసెను.

ఇంత నేర్పున్నను అతనికి తొలుతనే ఆదరము లభింపలేదు. 1906లో టకోమా నగరపు జట్టువారు అతనిని ఉంచుకొనక పంపివేసిరి. అంతట అతడు ఐడహో రాష్ట్రమున వైజర్ అను చిన్న ఊరికి పోయి, టెలిఫోను కంపెనీలో పనిచేయుచు ఆ ఊరి జట్టులో ఆడుచుండెను. అచ్చట అతని ఆటను చూచి అబ్బురపడిన ఒక వర్తకుడు వాషింగ్టన్ జట్టు మేనేజరైన జో కాంటిలన్‌కు ఉత్తరములు వ్రాసెను. కాంటిలన్ 1907 వేసవిలో క్లిఫ్ బ్లాంకెన్‌షిప్ అను ఆటగానిని పంపి ఆ యువకుని పిలిపించెను. తాను పనికిరానిచో ఇల్లు చేరుటకు రైలు ఖర్చులు ఇచ్చెదరా యని ఆ పల్లెటూరి యువకుడు ముందుగా అడిగి తెలిసికొనెనని చెప్పుదురు. అప్పటికి అతనికి ఇంకను 20 ఏండ్లు నిండలేదు.

వాషింగ్టన్ అమెరికా దేశమునకు రాజధాని. శాసనసభ్యుల నగరమగుటచే ఆ జట్టును సెనేటర్లని పిలుచుచుండిరి. కాని పేరునకు తగిన ఘనత జట్టునకు లేదు. అమెరికన్ లీగు అను కూటమిలో ఎనిమిది జట్లుండగా, ఈ జట్టు తరచుగా ఎనిమిదవ స్థానముననే యుండెడిది. నగరమునకు పేరిచ్చిన జార్జి వాషింగ్టనును ప్రజలు అన్నిటను ప్రథమునిగా కొనియాడుచుండగా, ఆయన పేరు గల జట్టు మాత్రము అందరికన్న చివర నుండుట పత్రికలవారికి పెద్ద హాస్యమయ్యెను.

1907 ఆగస్టు 2వ తేదీన జాన్సన్ డెట్రాయిట్ జట్టుపై తన మొదటి ఆట ఆడెను. టై కాబ్ వంటి మేటి ఆటగాండ్రు ఆ జట్టులో నుండిరి. ఆ ఆటలో వాషింగ్టన్ 3-2 తేడాతో ఓడిపోయెను. అయినను అంతటి వేగముగల బంతిని తామెన్నడును చూడలేదని ఎదుటివారే గ్రహించిరి. అయిదు దినముల తరువాత క్లీవ్‌లాండు జట్టుపై అతడు మొదటి విజయమును సాధించెను. ఆ యేడు వాషింగ్టన్ 49 ఆటలు గెలిచి 102 ఓడి చివరి స్థానమున నిలిచెను.

మరుసటి యేడు, 1908 సెప్టెంబరులో, జాన్సన్ చేసిన పని దేశమంతటను ప్రసిద్ధికెక్కెను. న్యూయార్కు నగరమున ఆ నగరపు జట్టుపై 4వ తేదీన ఆడి ఒక్క పరుగైనను ఈయక గెలిచెను. 5వ తేదీన మరల ఆడి అట్లే గెలిచెను. 6వ తేదీ ఆదివారము. ఆ దినమున అచ్చట ఆట లేదు. 7వ తేదీన మూడవమారు ఆడి, ఆ నాడును ఎదుటివారికి పరుగు దక్కనీయలేదు. పిచ్చరు ఒక దినము ఆడినచో పిదప కొన్ని దినములు విశ్రాంతి గైకొనుట వాడుక. నాలుగు దినములలో మూడుమారులు ఆడి, మూడింటను ఎదుటివారికి సున్నయే మిగిల్చుట సామాన్యమైన విషయము కాదు.

ఇట్టివాడున్నను జట్టు బాగుపడలేదు. 1909వ సంవత్సరము వాషింగ్టన్ జట్టు చరిత్రలో మిక్కిలి దుర్దినములు గల సంవత్సరము. ఆ యేడు వారు 42 ఆటలు మాత్రమే గెలిచి 110 ఆటలు ఓడిరి. ఒక్క జులై నెలలోనే 29 ఆటలు ఓడిపోయిరి. మొదటి స్థానమున నున్న డెట్రాయిట్ జట్టునకు 56 ఆటల దూరమున వెనుకబడిరి. ఆ జట్టు లోపమంతయు బ్యాటులో నుండెను. సగటున ఆటకు మూడు పరుగులైనను వారు తీయజాలకపోయిరి. పిచ్చరు రెండు పరుగులు మాత్రమే ఇచ్చినను ఓడిపోవలసి వచ్చెడిది. జాన్సన్ ఆ యేడు 13 ఆటలు గెలిచి 25 ఓడెను. లెక్కను మాత్రమే చూచువారు అతనిని సామాన్యుడని భావింపవచ్చును. కాని తోడివారి పొరపాట్లచే వచ్చినవి గాక, తొమ్మిది ఇన్నింగ్సులకు అతడిచ్చిన పరుగులు సగటున రెండుకు కొంచెము మాత్రమే ఎక్కువ. బలమైన జట్టులో నున్నచో ఆ ఓటములలో పెక్కు విజయములై యుండెడివి.

ఇట్టి యేడు ఎవనికైనను మనస్సు విరుగును. నేడు ఓడి, రేపు ఓడి, ఎల్లుండియు ఓడుదుమని తెలిసియు మైదానమున కాలుపెట్టుట సులభము కాదు. తన తోడి ఆటగాడు బంతిని జారవిడిచినపుడు, ముఖము చిట్లించుటగాని కోపగించుటగాని జాన్సన్ ఎరుగడు. మరల బంతిని చేతికి తీసికొని తన స్థానమునకు పోయి నిలిచెడివాడు. జట్టువారందరును అతనిని ప్రేమించుటకు ఇదియే కారణము.

అతని మృదుస్వభావమునకు మరియొక నిదర్శనము కలదు. అతని బంతి వేగము మనుష్యుని ప్రాణమునకు అపాయము కలిగింపగలదు. ఆ కాలమున ఆటగాండ్రు తలకు రక్షణ కవచము ధరించెడివారు కారు. బ్యాటు పట్టినవానికి బంతి తగులునేమో యని జాన్సన్ సదా భయపడుచుండెను. పలువురు పిచ్చరులు ఎదుటివానిని బెదరించుటకై అతని దేహమునకు చేరువగా విసరెడివారు. జాన్సన్ ఆ పని చేయుటకు ఇష్టపడలేదు. ఈ సంగతి కనిపెట్టిన టై కాబ్ కావలెననియే ముందునకు జరిగి నిలుచుండి, జాన్సన్ బంతిని దూరముగా విసరునట్లు చేసి లాభము పొందెడివాడు. ఇది తెలిసియు జాన్సన్ తన పద్ధతిని మార్చుకొనలేదు.

క్రమముగా మంచి దినములు కనుపించెను. 1910 ఏప్రిల్ 14వ తేదీన అధ్యక్షుడు విలియమ్ టాఫ్ట్ స్వయముగా మైదానమునకు వచ్చి మొదటి బంతిని విసరి ఆ యేటి ఆటలను ప్రారంభించెను. ఆ బంతిని అందుకొన్నవాడు జాన్సనే. ఆనాటి ఆటలో వాషింగ్టన్ ఫిలడెల్ఫియా జట్టుపై 3-0 తేడాతో గెలిచెను. 1912లో క్లార్క్ గ్రిఫిత్ మేనేజరుగా వచ్చి జట్టును చక్కదిద్దెను. ఆ యేడును మరుసటి యేడును వాషింగ్టన్ రెండవ స్థానమునకు ఎగబ్రాకెను. 1913లో జాన్సన్ 36 ఆటలు గెలిచి 7 మాత్రమే ఓడెను. వరుసగా 55 ఇన్నింగ్సులకు పైగా ఎదుటివారికి ఒక్క పరుగును ఈయలేదు.

ఈ కీర్తియే ఆయనకొక పరీక్ష తెచ్చిపెట్టెను. 1914లో ఫెడరల్ లీగు అను క్రొత్త కూటమి పేరుపొందిన ఆటగాండ్రను అధిక వేతనములతో ఆకర్షింపసాగెను. వేతనము విషయమున వాషింగ్టన్ యాజమాన్యముతో జాన్సనునకు భేదము కలిగెను. ఆ యేటి ఆటలు ముగిసిన పిదప ఆయన ఫెడరల్ లీగుకు చెందిన చికాగో జట్టుతో ఒప్పందము చేసికొనెను. గ్రిఫిత్ స్వయముగా పోయి ఆయనను కలిసికొని నచ్చజెప్పగా, జాన్సన్ మనస్సు మార్చుకొని వాషింగ్టనునకే మరలివచ్చెను. ఆయనయు మానవుడే. కుటుంబముగలవాడు ధనమును ఆశించుట తప్పు గాదు. అయినను, ఆ దినమున చికాగోకు పోయియున్నచో ఆయన చరిత్ర వేరుగా నుండెడిది.

పిదప జట్టు మరల దిగజారెను. ఏండ్లు గడచుచుండెను. జాన్సన్ పేరున నమోదైన ఓటములలో 65 ఆటలందు ఆయన జట్టు ఒక్క పరుగైనను తీయలేదు. అందు 26 ఆటలు 1-0 తేడాతో ఓడినవి. అనగా 26 పర్యాయములు ఆయన ఆట పొడుగునను ఒకే ఒక్క పరుగు ఇచ్చియు ఓడిపోయెను. అయినను 1910 మొదలు 1919 వరకు ప్రతి సంవత్సరమును 20 ఆటలకు తగ్గకుండ గెలుచుచు వచ్చెను.

1920లో ఆయన చేయి నొప్పికి లోనయ్యెను. ఆ యేడు జులై 1వ తేదీన బోస్టన్ జట్టుపై ఆడిన ఆటలో ఎదుటివారిలో ఒక్కడును ఆయన బంతిని సరిగా కొట్టి బేసు చేరలేకపోయెను. జట్టులో క్రొత్తగా చేరిన బకీ హారిస్ అను యువకుడు తనవైపు వచ్చిన ఒక బంతిని పట్టుటలో తడబడెను. దానిచే బోస్టన్ ఆటగాడొకడు మొదటి బేసును చేరెను. ఆ ఒక్క పొరపాటు జరుగనిచో, ఎదుటివారిలో ఒక్కడైనను బేసు చేరని పరిపూర్ణమైన ఆటగా అది నిలిచియుండెడిది. ఆటను 1-0 తేడాతో గెలిపించిన పరుగును తెచ్చినదియు హారిస్ బ్యాటే. ఈ హారిస్ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

1921 చివర జాన్సన్ దంపతులు తమ చిన్నారి కుమార్తెను పోగొట్టుకొనిరి. బంతి వేగమును మునుపటివలె లేదు. ఆయన పని ముగిసినదని పలువురు తలచిరి.

1924 ఆరంభమున గ్రిఫిత్ 27 ఏండ్ల బకీ హారిసునే మేనేజరుగా నియమించెను. ఇంత చిన్నవాడు తనకన్న పెద్దవారిని ఎట్లు నడుపునని విమర్శకులు పరిహసించిరి. గత మూడేండ్లుగా లీగులో న్యూయార్కు యాంకీలే ప్రథములు. ప్రసిద్ధుడైన బేబ్ రూత్ వారి జట్టులోనివాడు. అట్టివారిని వాషింగ్టన్ మించునని ఎవ్వరును ఊహింపలేదు. కాని గూస్ గాస్లిన్, శామ్ రైస్, జో జడ్జి మొదలగువారు బ్యాటుతో రాణించిరి. 36 ఏండ్ల జాన్సన్ మరల యౌవనము వచ్చినవానివలె ఆడి 23 ఆటలు గెలిచెను. వాషింగ్టన్ యాంకీలకన్న రెండు ఆటలు ముందుండి లీగులో మొదటి స్థానము నందెను. జట్టు ఆ పదవిని పొందుట అదియే ప్రథమము.

రెండు లీగుల విజేతలు పోటీపడు ఆటలకు వరల్డ్ సీరీస్ అని పేరు. ఏడింట నాలుగు గెలిచినవారే విజేతలు. వాషింగ్టనునకు ఎదురు నిలిచినవారు జాన్ మెక్‌గ్రా నడుపు న్యూయార్కు జెయింట్లు. 18 ఏండ్లు వేచియుండిన జాన్సనును ఈ మారు విజయము వరించునని దేశమంతయు ఆశించెను. కాని అక్టోబరు 4వ తేదీన జరిగిన మొదటి ఆటలో ఆయన 12 ఇన్నింగ్సులు పోరాడి 4-3 తేడాతో ఓడెను. అయిదవ ఆటలోను 6-2 తేడాతో ఓడెను. జీవితమంతయు వేచిన అవకాశము చేజిక్కి జారిపోయినట్లయ్యెను. ఆరవ ఆటలో టామ్ జాకరీ విసరగా వాషింగ్టన్ 2-1 తేడాతో గెలిచి సమానమయ్యెను. మిగిలినది ఒకే ఒక ఆట.

అక్టోబరు 10వ తేదీన వాషింగ్టనులో ఏడవ ఆట జరిగెను. అధ్యక్షుడు కూలిడ్జి సతీసమేతుడై వచ్చెను. ఎనిమిదవ ఇన్నింగ్సు వరకు జెయింట్లు 3-1 ముందుండిరి. అప్పుడు హారిస్ కొట్టిన బంతి నేలపై నుండి అనుకోని రీతిగా ఎగిరి, మూడవ బేసు వద్ద నున్న లిండ్‌స్ట్రమ్ తలమీదుగా పోయెను. రెండు పరుగులు వచ్చి ఆట సమానమయ్యెను. తొమ్మిదవ ఇన్నింగ్సునకు ఎవరిని పిలువవలెను? రెండు దినముల క్రిందటనే ఓడిన జాన్సనును హారిస్ పిలిచెను. నాలుగేండ్ల క్రిందట ఎవని ఆటను తన పొరపాటుచే అసంపూర్ణము చేసెనో, వాని చేతికే హారిస్ నేడు జట్టు భవిష్యత్తు నప్పగించెను.

జాన్సన్ ఆట మొదట వణికించెను. ఒకడు అవుటైన పిదప ఫ్రాంకీ ఫ్రిష్ బంతిని దూరముగా కొట్టి మూడవ బేసును చేరెను. ఒక్క పరుగు వచ్చినచో అంతయు ముగియును. జాన్సన్ తరువాతివానిని బుద్ధిపూర్వకముగా మొదటి బేసునకు పోనిచ్చి, ఆపై వచ్చిన కెల్లీని బంతి తగులనీయక అవుట్ చేసెను. పిమ్మటివాడును అవుటయ్యెను. పది, పదునొకండు, పండ్రెండు ఇన్నింగ్సులలోను ఆయన జెయింట్లకు పరుగు దక్కనీయలేదు.

పండ్రెండవ ఇన్నింగ్సులో వాషింగ్టన్ వంతు వచ్చెను. మడ్డీ రూయెల్ కొట్టిన బంతి ఆకాశమున కెగిరెను. దానిని పట్టబోయిన జెయింట్ల క్యాచరు గౌడీ కాలు, తానే క్రింద పడవేసిన ముఖకవచములో చిక్కుకొనగా బంతి జారిపోయెను. ఆ అవకాశముతో రూయెల్ మరల కొట్టి రెండవ బేసును చేరెను. తరువాత జాన్సనే బ్యాటు పట్టి, ఎదుటివారి పొరపాటుచే మొదటి బేసు చేరెను. ఆపై ఎర్ల్ మెక్‌నీలీ కొట్టిన బంతి మరల లిండ్‌స్ట్రమ్ తలమీదుగా ఎగిరిపోయెను. రూయెల్ పరుగెత్తి వచ్చెను. వాషింగ్టన్ 4-3 తేడాతో గెలిచెను. రాజధాని నగరమంతయు వీథులలోనికి వచ్చి ఆనందించెను. ఇన్నేండ్లు ఇతరుల పొరపాట్లచే ఓడిన జాన్సనునకు, ఆ నాడు ఇతరుల పొరపాట్లే గెలుపునకు తోడ్పడెను. అయినను తొమ్మిదవ ఇన్నింగ్సు మొదలు ఆయన నిలువనిచో ఆ అదృష్టము వచ్చుటకు తావే లేకపోయెడిది.

1925లోను వాషింగ్టన్ లీగు విజేతయై పిట్స్‌బర్గు జట్టుతో తలపడెను. జాన్సన్ రెండు ఆటలు గెలిచెను. ఏడవ ఆట వానలో, బురదలో జరిగెను. మొదట నాలుగు పరుగులు ముందున్నను, తోడి ఆటగాని పొరపాట్లు తోడై, 9-7 తేడాతో ఓడిపోయిరి. ఆయనను మార్చకుండుట తప్పని పెక్కురు హారిసును నిందించిరి. తొల్లింటి ఓటములను సహించినట్లే జాన్సన్ దీనిని సహించెను.

1927లో అభ్యాసము చేయునపుడు బంతి తగిలి ఆయన కాలు విరిగెను. ఆ యేటితో ఆయన ఆట ముగిసెను. మొత్తము 417 ఆటలు గెలిచి 279 ఓడెను. గెలిచిన వానిలో 110 ఆటలందు ఎదుటివారికి ఒక్క పరుగును ఈయలేదు. ఈ లెక్కను నేటివరకు ఎవ్వరును అందుకొనలేదు. 1929 నుండి 1932 వరకు వాషింగ్టనునకు, తరువాత క్లీవ్‌లాండునకు మేనేజరుగా నుండెను. 1930లో భార్య హేజెల్ మరణింపగా పిల్లలను పెంచు భారము ఆయనపై బడెను. 1936లో బేస్‌బాల్ గౌరవ మందిరమునకు మొట్టమొదట ఎన్నుకొనబడిన అయిదుగురిలో ఆయన ఒకడు. బేబ్ రూత్, టై కాబ్, హోనస్ వాగ్నర్, క్రిస్టీ మాథ్యూసన్ తక్కిన నలుగురు. తరువాత మేరీలాండు రాష్ట్రమున సేద్యము చేసికొనుచు, అచ్చటి మాంట్‌గోమరీ కౌంటీ పాలకవర్గమునకు ఎన్నికై ప్రజాసేవ చేసెను. మెదడులో కలిగిన కణితిచే 1946 డిసెంబరు 10వ తేదీన మరణించెను. ఆ కౌంటీలో ఒక ఉన్నత పాఠశాల ఆయన పేరున నడచుచున్నది.

ఆ వాషింగ్టన్ జట్టు 1960 తరువాత మిన్నెసోటాకు తరలిపోయెను. 1924 పిదప వరల్డ్ సీరీస్ విజయము ఆ నగరమునకు మరల వచ్చుటకు 2019 వరకు వేచియుండవలసి వచ్చెను. విజయము ఎప్పుడు వచ్చునో మనుష్యుని చేతిలో లేదు. అది వచ్చు దినమున సిద్ధముగా నుండుట మాత్రము అతని చేతిలోనే యున్నది. 1909లో 25 ఆటలు ఓడిన యువకుడు ఆ ఓటముల నడుమ తన పనిని నిర్లక్ష్యము చేసియున్నచో, 1924లో ఆ తొమ్మిదవ ఇన్నింగ్సునకు పిలిచిన పిలుపు ఆయనకు వచ్చియుండెడిది కాదు.